ఐదో మనిషి

మీరే మమ్మల్ని ఇక్కడ పడేశారు. అటూ ఇటూ చూడకండి, మిమ్మల్నే అంటున్నాను. ముఠా నిర్మూలన చట్టం వచ్చిన రోజు మీ వీధిలో టపాకాయలు కాల్చారా, లేదా? "ఐదేళ్ళేం సరిపోతాయి, పదిహేనేళ్ళు వెయ్యాలి" అని టీ కొట్టు దగ్గర అన్నది మీరు కాదా? సరే, మీరు అనలేదు. మీ బావగారన్నారు, మీరు తల ఊపారు. ఆ తల ఊపులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిందే ఈ జైలు గోడ.

కోపంగా మొదలెట్టానని పుస్తకం మూసెయ్యకండి. కోపం నా పాత అలవాటు. ఇరవై ఏళ్ళు లా కాలేజీలో కోపంగా పాఠాలు చెప్పాను, ఇంకా కోపంగా పత్రికలకి రాశాను. కానీ ఈ ఐదు రోజుల్లో ఇక్కడ జరిగింది మాత్రం నవ్వకుండా రాయడం నా వల్ల కావడం లేదు. చదవండి. మీరు కట్టించిన జైలే కదా, లోపల ఎలా ఉందో తెలియొద్దా?

కొత్తరేవు మహిళా జైలు. నా శిక్షలో 2,204వ రోజు. హాజరు పుస్తకం ప్రకారం 4,049 మంది. కన్ను ప్రకారం 741.

ఈ రోజు నాకు ఉల్లిపాయల పని పడింది. చాపకి నలుగురు. నేను వెళ్ళేసరికి చాప మీద నలుగురూ ఉన్నారు, కాబట్టి ఒకామె లేచింది, నేను కూర్చున్నాను. ఇక్కడ "బాగున్నావా" అని ఎవరూ అడగరు. "నలుగురేనా?" అని అడుగుతారు. ముగ్గురైతే కూర్చుంటాం. నలుగురైతే ఒకరు లేచే దాకా నిలబడతాం.

ఎందుకో మీకు గుర్తుండాలి, చట్టం మీదే కాబట్టి. ఐదుగురు చేతికందే దూరంలో ఎనిమిది సెకన్లు ఉంటే కూటమి. పదే పదే కూడితే ముఠా. బయటైతే పదేళ్ళు. జైల్లో ఒక్కసారి కూడినా చాలు, ఐదుగురికీ తలా ఐదేళ్ళు అదనం.

నా పేరు లాస్య, వయసు యాభై మూడు. మా తరంలో ప్రతి వీధిలో నలుగురు లాస్యలుండేవారు. నలుగురే, అదృష్టం. మేం ఆరుగురం ప్రతి శనివారం సాయంత్రం ఒక చోట కూర్చుని పేపర్లు చదివి వాదించుకునేవాళ్ళం. ఒకే రోజు, ఒకే వేళ, ఒకే చోటు. మాట్లాడే ముందు చెయ్యి ఎత్తేవాళ్ళం. దాన్ని కోర్టులో 'సంకేతం' అన్నారు.

పక్క చాప మీద పైడమ్మ. విజయనగరం వైపు పల్లెలో పదకొండు మందితో కోలాటం దళం నడిపేది. చేతుల్లో కర్రలు, ఒంటి మీద ఒకేలాంటి పసుపు చీరలు, ముందొక నాయకురాలు, అందరి అడుగూ ఒక్కటే. చట్టంలో తొమ్మిదో సెక్షన్ 'తాళం కలిపిన కదలిక' వాళ్ళ కోసమే రాసినట్టుంది. పదకొండు మందీ ఇక్కడే ఉన్నారు.

అసలు ముఠాల సంగతంటారా? వాళ్ళకి చట్టం మనకంటే బాగా తెలుసు. బిల్లు పాసైన వారానికే ముగ్గురు ముగ్గురుగా విడిపోయి హాయిగా పని చేసుకుంటున్నారు. మా బ్లాకులో నిఖార్సైన జేబుదొంగ ఒకామె ఉండేది. ఒంటరిగా పని చేసేది కాబట్టి ఆర్నెల్లలో వెళ్ళిపోయింది. పోతూ పోతూ మా అందరి వంకా జాలిగా చూసింది.

ఇక కన్ను. నడవాలకీ, వంటశాలకీ పైకప్పుల నుంచి, ముంగిలికి గోడ మీంచి వేలాడే యంత్రం అది. రైల్వే స్టేషన్లో ప్రకటనలు చేసే గొంతు పెట్టారు దానికి. "దయచేసి వినండి. మూడో నడవాలో కూటమి" అంటుంది, తియ్యగా. ఎనిమిది వందల మందికి కట్టిన జైల్లో నాలుగు వేల మందిని కుక్కితే ఐదో మనిషి చేతికందని చోటు ఎక్కడుంటుంది చెప్పండి? నిద్ర వంతులవారీగా పోతాం, స్నానానికి బకెట్ల మధ్య ఇరుక్కుంటాం, పడ్డ ఐదేళ్ళని పడ్డట్టే మోస్తాం. అదనాలన్నీ కలిపి నా విడుదల తేదీకి నాకు నూట ముప్పై ఆరేళ్ళు నిండుతాయి. పైడమ్మకి రెండు వందల పదకొండు. పుట్టినరోజుకి పిలుస్తానంది.

తమాషా ఏమిటంటే, ఐదుగురు దగ్గరగా కనిపిస్తే కన్ను వాళ్ళని ఐదుగురిగా లెక్కపెట్టదు. 'ముఠా ఒకటి' అని రాసుకుంటుంది. దాని దృష్టిలో మేం మనుషులం కాదు, ముఠాలం. అందుకే జనం పెరిగిన కొద్దీ దాని లెక్క తగ్గిపోతోంది. వార్డరు లెక్క, పుస్తకం లెక్క, కన్ను లెక్క, ఈ మూడూ కుదిరితేనే ఆ రోజుకి లెక్క మూసినట్టు. లెక్క మూయనిదే గేటు తెరవకూడదు. అంటే బయటికి. లోపలికి మాత్రం ఎప్పుడైనా తెరవొచ్చు.

లెక్క మూసి ముప్పై ఎనిమిది రోజులైంది.

2,205వ రోజు. పుస్తకం 4,070. కన్ను 736.

సింహాచలం గురించి రాయాలి. ఈ రోజు ఆమెకి విడుదల కాగితం వచ్చింది.

సింహాచలం చేపలమ్మే మనిషి. తెల్లవారుజామున నాలుగింటికి ఐదుగురు ఆడవాళ్ళు ఒకే షేరు ఆటోలో హార్బరుకి వెళ్ళేవారు. మలుపు దగ్గర డ్రైవరు ఈల వేస్తే గంపలతో వచ్చి ఎక్కేవారు. ఒకే వేళ, ఒకే వాహనం, ఈల ఒక సంకేతం. ఏడేళ్ళు. అది మొదట్లో కాబట్టి ఏడు, ఇప్పుడైతే పది.

ఈ ఏడేళ్ళలో ఆమెకి ఒక్క అదనం కూడా పడలేదు. ఎక్కడికెళ్ళినా చూపుడు వేలితో మనుషుల్ని లెక్కపెట్టుకుని, నలుగురుంటే వెనక్కి తగ్గేది. అన్నం పళ్ళెం పట్టుకుని గోడవైపు తిరిగి ఒక్కతే తినేది. ఒకసారి వరండాలో ఒకామె మూర్ఛ వచ్చి పడిపోయింది. పట్టుకున్నవాళ్ళతో కలిపి నలుగురైపోయారు. సింహాచలం ఇనప గరిటె తీసుకుని పరుగెత్తుకొచ్చి, మూడడుగుల దూరంలో ఆగిపోయి, గరిటెని నేల మీద జార్చి పంపింది. తర్వాత చాలాసేపు గోడ దగ్గరే నిలబడింది. మీ చట్టం నేరాన్ని ఎంత తగ్గించిందో నాకు తెలియదు. ఒక మనిషికి సాటి మనిషి మీద చెయ్యి వెయ్యడానికి భయం నేర్పింది. అది మాత్రం కళ్ళారా చూశాను.

ఈ మధ్యాహ్నం ఆమె నా దగ్గరకొచ్చి మూడడుగుల దూరంలో ఆగింది. ఉన్నది మేమిద్దరమే. అయినా ఆగింది.

"పంతులమ్మా, ఈ కాయితం మీద ఏటి రాసుందో సదువు. మెల్లగా సదువు."

చదివాను. రేపు, ఎల్లుండి, అవతలెల్లుండి, ఈ మూడు రోజుల్లో సాయంత్రం ఆరింటి లోపు విడుదల చెయ్యాలి. చెయ్యకపోతే కాగితం రద్దు. మళ్ళీ శిక్షల కమిటీకి వెళ్తుంది. కమిటీ రెండేళ్ళకోసారి కూర్చుంటుంది. నలుగురు సభ్యులే, చట్టానికి భయపడి.

"అయితే లెక్క మూస్తే గాని నాను ఎల్లలేనన్నమాట," అంది సింహాచలం. నేను అవునన్నాను. "ముప్పై తొమ్మిది రోజులై మూయలేదు కదేటి," అంది. నేను మళ్ళీ అవునన్నాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది. బయట వాళ్ళక్క నూకాలమ్మ రేపు క్యారేజీతో వచ్చి గేటు దగ్గర కూర్చుంటానని కబురంపిందట. చేపల పులుసు, చెల్లి నోటికి ఏడేళ్ళ తర్వాత.

2,206వ రోజు. పుస్తకం 4,091. కన్ను 729.

లెక్క కుదరలేదు. పులుసు గేటు కాపలావాళ్ళు తిన్నారు. బాగుందట.

నేను అర్జీ రాశాను. ముప్పై ఆరు పేజీలు. రాజ్యాంగం, మానవ హక్కులు, లెక్కింపు యంత్రాల దోషాలు, అన్నీ పెట్టాను. సూపరింటెండెంట్ దీక్షిత గారు ముప్పై నాలుగేళ్ళ మనిషి, ఈ చట్టం శాస్త్రీయమని మనస్ఫూర్తిగా నమ్మే రకం. నన్ను నిలబెట్టి మొత్తం చదివారు. చదివి, తన చేతిలో ఏమీ లేదని, లెక్క కుదిరితే క్షణం ఆపనని, కుదరకపోతే తాను కూడా ఇంటికి వెళ్ళలేనని చెప్పారు.

అది నిజమే. డ్యూటీ అప్పగించాలన్నా లెక్క మూయాలి. కొత్త వార్డర్లు వ్యాన్లలో లోపలికి వస్తున్నారు, పాతవాళ్ళు బయటికి పోలేకపోతున్నారు. మా హెడ్ వార్డరు మార్తమ్మ నలభై రోజులుగా స్టోరు గదిలో బియ్యం బస్తాల మీద పడుకుంటోంది. నేను ఆఫీసు నుంచి వస్తుంటే ఎదురొచ్చి నా అర్జీ బరువు చేత్తో తూచింది.

"ఇందులో నా ముక్కొకటి రాయాల్సింది తల్లీ. నా సర్చిలో ఆరు ఆదివారాలు పోయాయని."

వంటశాలలో పైడమ్మకి చెప్పాను. ఆమె వంకాయలు తరుగుతూ నవ్వింది. "నువ్వు రాసింది ఆళ్ళు సదివీసరికి దాని కాయితం సచ్చిపోద్ది పంతులమ్మా," అంది. తర్వాత నవ్వు ఆపి, కన్ను కూటమి అనడానికి ఎన్ని సెకన్లు పడుతుందని అడిగింది. ఎనిమిది, అన్నాను.

"మా కోలాటంలో నాలుగు దెబ్బలకి జోడీ మారిపోద్ది. నాలుగు దెబ్బలకి ఎన్ని సెకండ్లు?"

చాకుతో పీట మీద కొట్టి చూపించింది. టక, టక, టక, టక. నేను మనసులో లెక్కపెట్టాను. మూడు సెకన్లు.

నాకు అర్థం కావడానికి మరో మూడు సెకన్లు పట్టింది. నిలబడితే మేం ముఠాలం. కదులుతూ జోడీలు మారుతూ ఉంటే ఎవరి పక్కనా ఎవరూ ఎనిమిది సెకన్లు ఉండరు. కన్నుకి మమ్మల్ని విడి విడి మనుషులుగా లెక్కపెట్టక తప్పదు. ఏ నేరానికి వాళ్ళని జైల్లో పెట్టారో, ఈ జైలు లెక్క తేల్చగలిగింది ఆ నేరం ఒక్కటే. నా ముప్పై ఆరు పేజీల్లో ఇంత మంచి వాదన ఒక్కటి లేదు, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను.

మార్తమ్మకి చెబితే రూళ్ళ పుస్తకం తెచ్చింది. లెక్క ఏ పద్ధతిలో పెట్టాలన్నది హెడ్ వార్డరు ఇష్టమని ముప్పై ఒకటో రూలు. "నా ఇష్టం," అని గట్టిగా చదువుకుంది, రెండుసార్లు.

2,207వ రోజు. పుస్తకం 4,113. కన్ను 722.

కానీ నేను లా చదువుకున్న దాన్ని. మంచి కబురులో చెడ్డ ముక్క వెతకడం నా చదువు. అందుకే ఈ ఉదయం పైడమ్మకి ఆ ముక్క చెప్పాను.

తొమ్మిదో సెక్షన్, తాళం కలిపిన కదలిక. ఆడిన ప్రతి మనిషికీ ఐదేళ్ళు పడుతుంది.

"పడితే పడనీ," అంది పైడమ్మ. "నాకు రెండు వందల పదకొండు కాడ రెండు వందల పదహారు."

"అది వేరు, ఇది వేరు. ఇన్నాళ్ళూ పడ్డవి జాగా లేక పడ్డవి. వాటి మీద మన కేసు హైకోర్టులో ఉంది, కొట్టేస్తారనే వకీలు అంటున్నాడు. కొట్టేస్తే, మామూలు తగ్గింపు పోను, నువ్వూ నేనూ మూడేళ్ళలో బయటికి వెళ్తాం. కానీ కోలాటం మనం కావాలని ఆడేది. ఆ ఐదేళ్ళని ఏ కోర్టూ కొట్టెయ్యదు. అవి నిజం ఐదేళ్ళు, పైడమ్మా."

ఆమె వంకాయ తొడిమ తీసి, కాయని నాలుగు చీరి, నీళ్ళలో వేసింది. ఇంకొకటి తీసుకుంది.

"అది ఏడేళ్ళు గోడకేసి కూకుని తింది. దాని పక్కన కూకుని నాను ఒక్క పూటా తిన్లేదు. నాకరవై రెండు. మూడు మీద ఐదు ఎనిమిది. ఎనిమిదేళ్ళకి డెబ్బై. డెబ్బై ఏళ్ళకి మా అమ్మ కోలాటమాడింది."

నా సంగతి నేనే లెక్కేసుకున్నాను. అరవై ఒకటి. ఇరవై ఏళ్ళు త్యాగాల గురించి వ్యాసాలు రాసిన దాన్ని, ఐదేళ్ళు ఇవ్వాల్సి వచ్చేసరికి వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఎందుకు దాచాలి? పెట్టాను.

నాలుగు వేల మందిని అడగడం ఎలా? సభ పెట్టలేం. నలుగురు నలుగురుగా మాట పాకింది. చాప నుంచి చాపకి, బకెట్ నుంచి బకెట్‌కి. విషయం దాచొద్దని, ఐదేళ్ళ సంగతి మొదట చెప్పి తర్వాతే కోలాటం సంగతి చెప్పమని నేను పట్టుబట్టాను. ఇష్టం లేనివాళ్ళూ, ఏడాదిలో బయటికి పోయేవాళ్ళూ ముంగిట్లో గుంజల్లా ఒక్కొక్కరే కదలకుండా నిలబడొచ్చు. మిగతావాళ్ళు వాళ్ళ చుట్టూ తిరుగుతారు. తప్పు పట్టేది లేదు. ఒప్పుకున్నవాళ్ళు రేపు పొద్దున తమ పందుంపుల్లని కిటికీ గట్టు మీద పెట్టాలి. ప్లాస్టిక్ బ్రష్షుల్ని నిషేధించాక జైలు మాకు వేప పందుంపుల్లలే ఇస్తోంది. కర్రలకి కర్రలూ అవే.

సాయంత్రం సింహాచలానికి తెలిసింది. వంటశాల గుమ్మం దగ్గర ఆగి, మొదటిసారి గొంతెత్తి అరిచింది. తన కోసం ఎవరూ ఏళ్ళు పోగొట్టుకోనక్కర్లేదని, రెండేళ్ళేగా, తను ఉంటానని.

"నిన్నెవులడిగినారే?" అంది పైడమ్మ, తలెత్తకుండా. "నువ్వాడకు. మధ్యన ఒక్కదానివీ నిలబడి సేపలమ్ము. తాళానికి నీ కేక కావాల. అంతే నీ పని."

చేపలమ్మడం నేరం కాదు. చట్టం మొత్తం వెతికి చెబుతున్నాను, ఇంకా కాలేదు.

2,208వ రోజు. పొద్దున.

ఈ రోజు కొత్తరేవు జైల్లో ఎవరూ పళ్ళు తోముకోలేదు.

మార్తమ్మ కిటికీ గట్లన్నీ తిరిగి వచ్చింది. నాలుగు వేల డెబ్భై నాలుగు పుల్లలు, నాదీ కలిపి. గుంజలు సింహాచలంతో కలిపి ముప్పై తొమ్మిది. పుల్లలు కొన్ని మరీ పొట్టిగా ఉన్నాయని, గోడ పక్క వేపచెట్ల నుంచి రెండు మోపులు తనే నరికించి తెచ్చింది. అదేమిటని సూపరింటెండెంట్ అడిగితే పళ్ళు తోముకోడానికన్నదట.

అదే రోజు. పుస్తకం 4,113. కన్ను 4,113.

పై వరస మళ్ళీ చదవండి. నేను నాలుగుసార్లు చదివాను. ఐదోసారి చదవడానికి భయం వేసింది, అలవాటు.

మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టాం. నాలుగింటికి కొత్త వ్యాను వస్తుంది, వస్తే పుస్తకం లెక్క మారిపోయి మొదటికొస్తుంది. అంటే ఒక్క గంట. ముప్పై ఎనిమిది మంది ముంగిలంతా దూరం దూరంగా గుంజల్లా నిలబడ్డారు. సింహాచలం నడిమధ్యన. పైడమ్మ దళం పదకొండు మందీ పదకొండు చోట్ల. వంటశాలలో వాళ్ళు రెండు రోజులు పీటల మీద కొట్టి నేర్పిన నడకే మాకు వచ్చిన కోలాటం.

సింహాచలం నోరు తెరిచింది.

నిన్నటి దాకా ఏడేళ్ళు ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆ గొంతు హార్బరులో పడవ మోత మీంచి వినిపించిన గొంతని మేం మర్చిపోయాం.

"వంజరం! సందువ! కానాగంత! కవళ్ళో!"

చేపల పేర్లే మాకు అడుగులు. వంజరం అంటే కుడి దెబ్బ. సందువ ఎడమ దెబ్బ. కానాగంతకి తిరగాలి. కవళ్ళకి ముందుకెళ్ళి కొత్త జోడీ. నాలుగు వేల పుల్లలు ఒక్కసారి టక్కుమంటే ఎలా ఉంటుందో మీకు తెలియదు. మీరు అప్పుడు టపాకాయల చప్పుడు విన్నారు. ఇది అంతకంటే పెద్దది. నాకు కోలాటం రాదు. మొదటి జోడీ వేళ్ళ మీద కొట్టాను, రెండో జోడీ భుజం మీద కొట్టాను, మూడో ఆమె తనే నా పుల్ల పట్టుకుని సరైన చోట పెట్టుకుంది.

కన్ను తడబడింది. "దయచేసి వినండి. కూట..." అంది. ఆగింది. "వ్యక్తి," అంది. "వ్యక్తి. వ్యక్తి. వ్యక్తి." గోడ మీది పలకలో అంకె కదిలింది. వెయ్యి. పదిహేను వందలు. రెండు వేల ఆరు వందలు. మార్తమ్మ తన పుస్తకం పట్టుకుని వరసల పక్కనే నడుస్తోంది, ఆమె అడుగు కూడా కవళ్ళ మీదే పడుతోంది. మూడు వేల తొమ్మిది వందలు.

నాలుగు వేల నూట పన్నెండు.

అక్కడ ఆగిపోయింది. మూడూ నలభై. మూడూ నలభై ఐదు. మేం తిరుగుతూనే ఉన్నాం, పలక కదలడం లేదు. ఒక మనిషి తక్కువ. ఎవరో వరసలో లేరు. నేను తిరుగుతూ తిరుగుతూ మధ్యకి చూశాను. మధ్యన ఎవరూ లేరు.

కేక మాత్రం వినిపిస్తోంది. కేక వచ్చిన వైపు చూస్తే అర్థమైంది. మా వలయం దగ్గరికొచ్చిన ప్రతిసారీ సింహాచలం మనుషుల్ని వేలితో లెక్కపెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. నలుగురున్నారు, వెనక్కి. మళ్ళీ నలుగురు, మళ్ళీ వెనక్కి. అలా గోడ దాకా వెళ్ళిపోయి, సరిగ్గా కన్ను కిందే నిలబడింది. కన్ను అన్నిటినీ చూస్తుంది, తన కిందున్న దాన్ని తప్ప. ఆమెని కాపాడిన అలవాటే ఆమెని లెక్కలోంచి తీసేసింది.

పైడమ్మ దూరం నుంచి అరుస్తోంది. సింహాచలం కదలడం లేదు. నా వరస ఆమె ముందుకొచ్చింది. ఆమె ముందు ముగ్గురున్నారు, నేను నాలుగో దాన్ని. ఆమె వేలు గాల్లో లేచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కేక ఆగిపోయింది.

తాళం తప్పింది. నాలుగు వేల పుల్లలు గాల్లో ఆగాయి. ఎనిమిది సెకన్లలో కన్ను కూటమి అంటుంది, ఆ పలక మళ్ళీ ఏడు వందలకి పడిపోతుంది.

అప్పుడు ఎక్కడో వెనక వరసలో ఎవరో, ఎవరో నాకిప్పటికీ తెలియదు, "వంజరం," అంది. పక్కవాళ్ళు "చందువ" అన్నారు. కానాగంతకి ముంగిలంతా అందుకుంది. చేపల పేర్లు సరిగ్గా పలకడం రాని బ్యాంకు మేనేజర్లూ, టీచర్లూ, పొలం కూలీలూ, అందరూ చేపలమ్మారు. తాళం మళ్ళీ కలిసింది.

నేను ఆమె దగ్గర ఆగలేను. మూడు సెకన్లు ఉన్నాయి. ఇరవై ఏళ్ళు మాటలతో బతికిన దాన్ని, మూడు సెకన్లకి సరిపోయే మాట వెతుక్కున్నాను.

"అవును, నువ్వు ఐదో దానివే. రా."

కవళ్ళు పడింది, నేను ముందుకెళ్ళిపోయాను. తల తిప్పి చూస్తే ఆమె చెయ్యి దించింది. కళ్ళు గట్టిగా మూసుకుని మా మధ్యలోకి నడిచింది. వరసలు ఆమెకి తగలకుండా చీలి, ఆమె వెనక మళ్ళీ కలిశాయి. ఎవరి పక్కనా ఎనిమిది సెకన్లు లేకుండా నాలుగు వేల మంది పక్క నుంచి ఆమె నడిచింది. మధ్యకి వచ్చాక కళ్ళు తెరిచి, మేం చేపల పేర్లని నాశనం చేస్తున్నామని తిట్టి, తనే అందుకుంది.

"వ్యక్తి," అంది కన్ను.

4,113. మూడూ యాభై రెండు. లెక్క మూసిన గంట నలభై రెండు రోజుల తర్వాత మోగింది. మార్తమ్మ నేల మీద చతికిలబడి ఏడ్చింది, తర్వాత లేచి, ఆదివారం ఎప్పుడని అడిగింది.

పది నిమిషాలకి అనుకున్నదే వచ్చింది. "దయచేసి వినండి. తాళం కలిపిన కదలిక. ఐదేళ్ళు." ఆడింది నాలుగు వేల డెబ్భై నాలుగు మంది. కన్ను నాలుగు వేల డెబ్భై ఆరు మందికి వేసింది. ఇద్దరు ఎక్కువ. జాబితా చివర చూస్తే మొదటి పేరు మార్తమ్మది, తాళానికి నడిచినందుకు. రెండోది దీక్షిత గారిది. మేడ మీద కిటికీ దగ్గర నిలబడి చూస్తూ గట్టు మీద వేలితో తాళం వేశారట. తన పేరు మీద వేలు పెట్టి చూసుకున్నారు. తర్వాత నా ముప్పై ఆరు పేజీలు మళ్ళీ ఒకసారి ఇమ్మని అడిగారు.

ఇప్పుడు ఐదుంబావు. సింహాచలం ఆఫీసులో వేలిముద్రలు వేస్తోంది. ఆరింటికి గేటు. నూకాలమ్మ క్యారేజీ ఈసారి మూత తియ్యకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. ఈ పుస్తకం సింహాచలం బట్టల మూటలో వస్తుంది. మూట తనిఖీ చెయ్యాల్సిన మార్తమ్మ సముద్రం వైపు తిరిగి గాలి బాగుందంటోంది. మీరు ఇది చదువుతున్నారంటే ఆమె బయటికొచ్చినట్టే.

తన కోసం ఐదేళ్ళిచ్చిన వాళ్ళని ఏమని పలకరించాలో ఆమెకి తెలియలేదు. వెళ్ళే ముందు వంటశాలకొచ్చి మా చాప చూసింది. నలుగురం ఉన్నాం. ఎవరం లేవలేదు. ఆమె వచ్చి మధ్యలో కూర్చుని, ఒక ఉల్లిపాయ తరిగి, ఏడో సెకనుకి లేచి వెళ్ళిపోయింది. నవ్వుతూ వెళ్ళింది.

ఐదు వేళ్ళూ కలిస్తేనే ముద్ద నోటికందుతుందని మీ అమ్మ మీకు చెప్పే ఉంటుంది. కాబట్టి మా డిమాండ్లు:

1. ముఠా నిర్మూలన చట్టాన్ని రద్దు చెయ్యాలి. సవరించడం కాదు, రద్దు.

2. జైల్లో జాగా లేక పడిన అదనపు శిక్షలన్నీ కొట్టెయ్యాలి.

3. ఎనిమిది వందల మందికి కట్టిన జైల్లో ఎనిమిది వందల మందే ఉండాలి.

4. లోపలికి తెరుచుకునే గేటు బయటికి కూడా తెరుచుకోవాలి. లెక్క కుదరకపోతే ఆ తప్పు జైలుది, ఖైదీది కాదు.

5. డ్యూటీ అయిపోయిన మనిషిని ఇంటికి పంపాలి. (ఇది సూపరింటెండెంట్ గారు తన చేత్తో రాశారు.)

6. పైడమ్మ దళానికి పదకొండు పసుపు చీరలూ, ఇరవై రెండు కర్రలూ తిరిగి ఇవ్వాలి.

7. హార్బరుకి షేరు ఆటో మళ్ళీ నడపాలి.

8. ఇది మీకే. సింహాచలం గంప దించిన చోట నలుగురు నిలబడి ఉంటే చూసి తప్పుకోకండి. వెళ్ళి ఐదో మనిషిగా నిలబడండి.